డ్యూటీ కూడా దర్శనమే

మా డిపార్ట్‌మెంటులో హైపోథెసిస్ ఓడిపోయిన దాఖలా లేదు. లైబ్రరీలో వెనక బీరువా నిండా ఎర్ర అట్టల థీసిస్‌లు ఉండేవి. పరిశోధనకు చేరిన కొత్తలో పనిలేక ఒక్కొక్కటే తీసి చివరి అధ్యాయం చదివేదాన్ని. అన్నిటి చివరా ఒకటే మాట, పై పరికల్పన రుజువైనది అని. వానలు బాగా కురిస్తే బావుల్లో నీళ్ళు పెరుగుతాయన్నది ఒకాయన ఊహ. రుజువైంది. రోడ్డు పక్క ఊళ్ళకు బస్సులు ఎక్కువగా వస్తాయన్నది ఇంకొకామె ఊహ. అదీ రుజువైంది. చదువుకున్న పిల్లలు ఉద్యోగాల కోసం పట్నం పోతారని కనిపెట్టడానికి ఒక మహానుభావుడు తన యవ్వనమంతా ధారపోశాడు. ఇంతమంది ఊహల్లో ఒక్కటి కూడా తప్పలేదంటే వీళ్ళందరూ ఋషులైనా అయి ఉండాలి, లేదా అసలేమీ ఊహించకుండానైనా ఉండాలి. వాళ్ళలో కొందరితో కలిసి టీ తాగాను కాబట్టి ఋషులు మాత్రం కారని చెప్పగలను.

పరిశోధనలో ముందు ఒక ఊహ చెప్పాలి. అది తప్పయితే తప్పని బయటపడేటట్టు చెప్పాలి. ఆ తర్వాత ఊళ్ళోకి పోయి అడగాలి, కొలవాలి, లెక్క చూడాలి. నిలబడితే నిలబడుతుంది, పడితే పడుతుంది. పడినా మనకు ఒక సంగతి తెలిసినట్టే. ఈ నాలుగు ముక్కలూ ఎమ్మే మొదటి ఏడాది పుస్తకంలోనే ఉంటాయి. మావాళ్ళు ఆ పేజీని పరీక్ష కోసం బట్టీపట్టి, పరీక్ష హాలు బయటికి రాగానే దులిపేసుకున్నారు. వాళ్ళ దృష్టిలో హైపోథెసిస్ తప్పడమంటే పదో తరగతి తప్పినట్టే, ఇంటిల్లిపాదికీ తలవంపులు. అందుకని ఎప్పటికీ తప్పలేని ఊహలనే ఏరుకుని చేసేవారు. కొందరు ఇంకా తెలివైనవాళ్ళు, లెక్కలన్నీ పూర్తయ్యాక అప్పుడు కూర్చుని ఊహించేవారు.

మాది నగరి. ఇంట్లో మరమగ్గాలు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి మా ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడడం అలవాటు. ఆ అలవాటు తిరుపతిలో నాకు పొగరుబోతు అనే పేరు తెచ్చిపెట్టింది. ఆ పేరు పూర్తిగా అబద్ధమని నేను కూడా అనను. జియోగ్రఫీ మీద నాకున్న ఇష్టం మాత్రం నిజం. మనుషులు ఒక చోటినుంచి ఇంకో చోటికి ఎందుకు పోతారు, ఎందుకు పోరు అన్న ప్రశ్న నన్ను చిన్నప్పటినుంచీ వదిలిపెట్టలేదు. మా నాయన వీధి వీధంతా చెప్పుకున్నాడు, మా పాప డాక్టరవుతుంది అని. వైద్యం చేసే డాక్టరు కాదని ఎవరైనా అంటే, అంతకంటే పెద్దదని సర్దిచెప్పేవాడు.

నా గైడు, అంటే నా పరిశోధనకు మార్గదర్శకుడైన ప్రొఫెసరు, కొండమీద గుడి సేవలో తరతరాలుగా ఉన్న వైష్ణవ కుటుంబం మనిషి. అన్నదమ్ములు పైన ఉద్యోగాల్లో కుదురుకుంటే ఈయన కింద విశ్వవిద్యాలయంలో కుదురుకున్నారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నెమ్మదైన గొంతు. ఎవరిమీదా కోప్పడేవారు కాదు. కోప్పడాలంటే ముందు అవతలివాళ్ళు చెప్పేది వినాలి కదా, ఆ శ్రమ ఆయన పడేవారు కాదు. ఆయన సంతకం లేనిదే నా థీసిస్ గుమ్మం దాటదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, గదిలోని ఫ్యానుకు కూడా తెలిసే ఉంటుంది.

మొదటి రోజే ఆయన ఒక పెళ్ళిపత్రిక వెనక్కి తిప్పి నా హైపోథెసిస్ గీసి ఇచ్చారు.

"చూడమ్మా, ఇది కొండ. ఇట్లా పక్కకు పోయేది దూరం. కొండకు దగ్గర ఉండేవాళ్ళు ఎక్కువసార్లు దర్శనానికి పోతారు. దూరమయ్యేకొద్దీ తగ్గతా పోతాది. తిరుపతి, రేణిగుంట, నగరి, సత్యవేడు. గీత ఇట్లా కిందికి దిగతాది. అంతే నీ థీసిస్సు."

"దిగకపోతే సార్?"

"దిగతాదిలే," అని పెన్ను జేబులో పెట్టుకున్నారు.

ఆ ఊహ ఆయన సొంతం కాదు. దూరం పెరిగేకొద్దీ రాకపోకలు తగ్గుతాయన్నది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. అయినా ఆ రోజు నాకు ఫిర్యాదేమీ లేదు. అది చక్కని ఊహే. తప్పడానికి వీలున్న ఊహ. మా బీరువాలో అంతకుముందు లేని సరుకది. ఆ సంగతి ఆయనకు తట్టలేదు కాబట్టే నాకు ఇచ్చారు.

తిరుపతి వీధుల్లో మొదలుపెట్టాను. ఇంటింటికీ పోయి, పోయిన ఏడాది కొండకు ఎన్నిసార్లు దర్శనానికి వెళ్ళారని అడగడమే పని. మొదటి ఇంట్లోనే ఒకామె మిద్దెమీద బట్టలు ఆరేస్తూ కొండవైపు ఒక చూపు చూసింది.

"ఈడే ఉండాది కదమ్మా. యాడికి పోతాది? ఎప్పుడన్నా పోవచ్చు."

"పోయిన ఏడాది పోయినారా?"

"పోలేదు."

"అంతకుముందు ఏడాది?"

"మా ఆడబిడ్డోళ్ళు బెంగళూరు నించి వచ్చినప్పుడు పోయినాము. వాళ్ళను ఒంటరిగా పంపిస్తే బాగుండదు కదా."

ఈమె ఒక్కతే ఇలాగేమో అనుకున్నాను. పక్కింట్లోనూ ఇదే జవాబు. ఆ వీధి దాటి ఇంకో వీధికి పోతే అక్కడా ఇదే. చుట్టాలు వస్తే పోతారు, రాకపోతే పోరు. మందుల షాపు ఆయన రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే కొండవైపు తిరిగి దండం పెడతాడు. లోపలికి పోయి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తే లేదు. "ఈడినించి పెట్టినా అందతాదమ్మా," అన్నాడు. భక్తి లేని మనిషి ఒక్కరూ తగల్లేదు. దేవుడి పటం లేని ఇల్లూ చూడలేదు. కొండ ఎక్కినవాళ్ళు మాత్రం తక్కువ.

రేణిగుంటలో గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు తిరుపతివాళ్ళకంటే కాస్త మెరుగు. సెలవు దొరికితే నలుగురూ కలిసి పోతారు. సత్యవేడు వైపు పల్లెల్లో కథ పూర్తిగా మారిపోయింది. పంట ఇంటికి వచ్చాక ఇంటిల్లిపాదీ బయలుదేరి పోయి, తలనీలాలు ఇచ్చి రాకపోతే వాళ్ళకు ఏడాది పూర్తయినట్టు కాదు. ఇక మా నగరిలో అడగాల్సిన అవసరమే లేదు. తమిళ లెక్కలో వెంకటేశ్వరుడి నెల అయిన పెరటాసి వచ్చిందంటే మగ్గాలు ఆగుతాయి. పసుపు బట్టలు కట్టుకుని, గోవిందలు పెట్టుకుంటూ నడిచిపోతారు. మా నాయన ఏనాడూ మానలేదు. అయినా అడగడం పద్ధతి కాబట్టి మా వీధిలో కూడా ఇంటింటికీ పోయి అడిగాను. మా నాయనను కూడా కూర్చోబెట్టి అడిగితే, నీకు తెలీదా అని నవ్వాడు.

హాస్టలు గదిలో కూర్చుని లెక్కలు వేసి గ్రాఫు గీశాను. గీత దిగలేదు సరికదా, కొండ పక్కనే నేలబారున మొదలై దూరం పోయేకొద్దీ పైకి ఎక్కింది. పొరపాటు చేశానేమోనని మళ్ళీ వేశాను. మళ్ళీ ఎక్కింది. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఇన్నేళ్ళుగా అందరూ బట్టీపట్టిన ఒక సూత్రం, అందరికీ తెలిసిన కొండ దగ్గరే, నా చేతుల్లో తలకిందులైంది. ఎందుకైందో తెలుసుకోవాలి, అసలు పని ఇప్పుడే మొదలైంది అనుకున్నాను. ఆ ఉత్సాహంతోనే, బుద్ధిలేకుండా, గ్రాఫు తీసుకుని గైడు గదికి పోయాను.

ఆయన గ్రాఫును ముందు తిన్నగా చూశారు, తర్వాత వెనక్కి తిప్పి వెలుతురుకు పట్టి చూశారు. అలా పట్టుకుంటే నచ్చినట్టుంది, కానీ అక్షరాలు తిరగబడ్డాయి.

"ఎవరిని అడిగినావమ్మా ఇది?"

"మీ వీధిలో కూడా అడిగాను సార్."

"భక్తి లేనోళ్ళు దొరికినట్టుండారు నీకు. శాంపిల్ మార్చు."

ఏ వీధులు అడగాలో ఆయనే చెప్పారు. తీరా పోయి చూస్తే అవన్నీ కొండమీద ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎక్కువగా ఉండే వీధులు. ఆయన బంధువుల ఇళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ పొద్దునో సాయంత్రమో బస్సెక్కి పైకి పోయి పనిచేసుకుని దిగివచ్చే మనిషి ఒకరు ఉన్నారు. డ్యూటీకి పోయే తొందరలో పెరుగన్నం తింటున్న ఒకాయనను దర్శనం సంగతి అడిగాను.

"దర్శనమా? లోపలికి పోయి ఎన్నాళ్ళయిందో అమ్మా. డ్యూటీ దిగితే బస్సు పట్టుకునేదే సరిపోతాది," అన్నాడు.

ఆయన భార్య వెనకనుంచి, "మమ్మల్ని కూడా తీసకపోడు, రోజూ పోయేటోడే," అంది. ఆయన చేయి కడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

డ్యూటీలు ఒకవైపు, దర్శనాలు ఇంకోవైపు వేరువేరుగా లెక్కగట్టి తీసుకుపోయాను. దర్శనాల లెక్కలో ఈ వీధులు కూడా ముందు వీధుల్లాగే ఉన్నాయి. గైడు ఆ కాగితం మీద రెండు వరసలనూ కలిపి ఒక సున్నా చుట్టారు.

"రెండూ కలిపెయ్."

"డ్యూటీకి పోవడం దర్శనం కాదు కదా సార్."

"కొండ ఎక్కినాడా, లేదా?"

"ఎక్కినాడు."

"మరి?"

నాకు ఒళ్ళు మండింది. "అట్లయితే బస్సు డ్రైవరు రోజుకు ఎన్నోసార్లు ఎక్కుతాడు సార్. ఆయనను మించిన భక్తుడు లేడని రాద్దామా?"

నేను ఎగతాళి చేశాను. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, "మంచి మాట చెప్పినావు. డ్రైవర్లను కూడా చేర్చు," అన్నారు. "డ్యూటీ కూడా దర్శనమేనమ్మా."

ఈ మాట ఆ పెరుగన్నం ఆయన అని ఉంటే నేను తలవంచి దండం పెట్టేదాన్ని. తన పనినే పూజ అనుకునే మనిషిని ఎగతాళి చేసేంత దుర్మార్గురాలిని కాను. ఈయన అన్నది ఒక గీతను కిందికి వంచడానికి. ఇటు భక్తినీ అటు భూగోళాన్నీ ఒక్క వాక్యంతో అవమానించిన మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు. ఆయన ముఖంలో మాత్రం ఒక పెద్ద చిక్కు విడిపోయిన ప్రశాంతత కనిపించింది.

క్యాంటీనులో నా సీనియరు ఒకడు ఈ కథంతా విని జాలిపడ్డాడు. వాడి థీసిస్ అప్పటికే ఎర్ర అట్టలోకి ఎక్కింది.

"యాలకి ఇంత గొడవ మ్మే? తిప్పి రాసెయ్. దూరమయ్యేకొద్దీ ఎక్కువ పోతారు అని హైపోథెసిస్ పెట్టు. నీ లెక్కతోనే రుజువైపోతాది. సారుకు గీత ఎట్లా పోయినా ఒకటే. రుజువు కావల్ల, అంతే."

"నేను అట్లా ఊహించలేదు కదా."

"ఎవరు ఊహించినారు? నేను ఊహించినానా?" అని బజ్జీ కొరికాడు.

వాడు చెప్పింది నిజమే, గైడు ఒప్పుకునేవారే. నన్ను ఎక్కువగా కాల్చింది అదే. ఆయన తన ఊహ కోసం నాతో పోట్లాడుతున్నారని అంతవరకూ అనుకున్నాను. తన ఊహ అంటే ఆయనకు పిసరంత ప్రేమ కూడా లేదని అప్పుడు అర్థమైంది. రేణిగుంట జంక్షనులో రైలు వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగిన తర్వాత, ఈ రైలే వస్తుందని నేను ముందే చెప్పానని అనేవాడిని ఏమంటాం? మా డిపార్ట్‌మెంటులో అయితే డాక్టరు అంటారు.

తిప్పి రాయడం తప్పుకాదు. తిప్పిన ఊహను మళ్ళీ కొత్త చోట, కొత్త మనుషుల మీద పరీక్షించకుండా రుజువైందనడం తప్పు. ఈ మాట సీనియరుకు చెబితే, సరే పరీక్షించుకో, ఎవరు వద్దన్నారు అన్నాడు. వాడు ఊరికే అన్నాడు. నేను నిజంగానే శ్రీకాళహస్తి బస్సెక్కాను.

అప్పటికి నా ఊహ ఇది. గుడికి దగ్గర ఉన్నవాళ్ళు, ఎప్పుడైనా పోవచ్చులే అనుకుని పోకుండా ఉండిపోతారు. నిజమైతే శ్రీకాళహస్తిలో గుడి చుట్టూ ఉన్న వీధులవాళ్ళు కూడా అరుదుగానే పోవాలి. నాకు అనుమానమే లేదు. నా గైడుకు ఆయన గీత మీద ఉన్నంత నమ్మకం నాకు దీనిమీద ఉంది.

మొదటి వీధిలోనే నా ఊహ మట్టికొట్టుకుపోయింది. కలంకారీ బట్టను స్వర్ణముఖిలో ఉతికి తెచ్చి ఆరేస్తున్న ఒక ఇంట్లో అడిగితే, "పొద్దున్నే ఒకసారి అట్లా పోయొస్తాం కదా," అన్నారు. కూరగాయల సంచితో వస్తున్న ఒకామె, "ఇప్పుడే పోయినానమ్మా, దావలోనే కదా," అంది. వీధి వీధిలోనూ ఇదే. పిల్లలను బడిలో దించి, అంగడి కట్టేసి, ఊరికే కాళ్ళు సాగదీసుకోవడానికి గుడికి పోయి వస్తున్నారు. వారానికో రెండు వారాలకో పోనివాళ్ళను వెతుక్కోవాల్సి వచ్చింది. తిరుపతిలో దగ్గరవాళ్ళు పోరు. ఇక్కడ దగ్గరవాళ్ళు పోకుండా ఉండరు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. నా గైడు ఊహ తప్పు. దాన్ని తిప్పిన నా ఊహా తప్పు. సీనియరు చెప్పినట్టు తిప్పి రాసి ఉంటే, ఆ ఎర్ర అట్టల మధ్యలో ఇంకొక అబద్ధం అందంగా కూర్చునేది. దూరం సంగతి కాదేమో అని అప్పుడు తట్టింది. శ్రీకాళహస్తిలో గుడి రోజువారీ దావలో ఉంది. తిరుపతివాళ్ళకు కొండ కళ్ళముందే ఉన్నా, అక్కడికి పోవడమంటే ఒక ప్రయాణం. సెలవు కావాలి, తోడు కావాలి, ఒక రోజు కేటాయించాలి. ఎప్పుడైనా పోగలిగినవాళ్ళకు ఆ రోజు ఎప్పటికీ రాదు. మా నగరివాళ్ళకు పెరటాసి ఉంది. సత్యవేడువాళ్ళకు పంట చేతికొచ్చే కాలం ఉంది. తిరుపతివాళ్ళకు బెంగళూరు నుంచి ఆడబిడ్డ రావాలి. మైళ్ళు కాదు, ముందే కుదిరిన ఒక రోజు ఉందా లేదా అన్నదే మనుషుల్ని కదిలిస్తుంది అన్నది నా మూడో ఊహ. దీన్ని ఎలా పరీక్షించాలో, ఎక్కడ పరీక్షిస్తే ఇది తప్పని తేలే అవకాశం ఉందో బస్సు దిగేలోపే ఆలోచించుకున్నాను. అంత ఆనందంగా ఉన్న రోజు నా చదువులో మళ్ళీ లేదు.

మర్నాడు ఇదంతా గైడుకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన మధ్యలో అడ్డురాలేదు కాబట్టి వింటున్నారనుకున్నాను.

"అయితే మొదటిది తప్పు, రెండోదీ తప్పు."

"అవును సార్. అందువల్లే మూడోది..."

"రెండు తప్పులకు డాక్టరేట్ ఇస్తారామ్మా యాడన్నా?"

గొంతు పెంచలేదు. పసిబిడ్డకు చెప్పినట్టు చెప్పారు. శ్రీకాళహస్తి తీసెయ్యి, మూడో ఊహ గీహ అంటూ మాట్లాడకు, తిరుపతికి డ్యూటీలు కలుపు, గీత దిగుతుంది, సంతకం పెడతాను. లేదంటే నీ ఇష్టం. ఇంతే. ఊళ్ళన్నీ తిరిగి నేను సంపాదించింది ఒకవైపు, ఆయన సంతకం ఒకవైపు.

ఆలోచించుకోవడానికి నగరి పోయాను. మా నాయన మగ్గం ఆపి విన్నాడు. మా ఇంట్లో మగ్గం ఆపడమంటే మాటలు కాదు.

"సూడు పాపా. ఆ సారు కొండ కిందే ఉండి పైకి పోడంటావు. పోతాడని రాస్తే ఆయనకే మంచిది కదా. నీకేం పోతాది?"

"అది నా పేరుమీద ఉంటుంది నాయనా."

"పేరు యాడికి పోతాది? నీకాడే ఉంటాది. సంతకం పెట్టేటోడు సెప్పినట్టు రాసేస్తే అయిపోలా. డాక్టరయినాక నీకు నచ్చింది నువ్వు రాసుకో."

నేను రాయనన్నాను. ఆయన తిరిగి మగ్గం ఆన్ చేశాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. వీధిలో ఎవరైనా నా చదువు గురించి అడిగితే వినబడనట్టు పోయేవాడు. అది నన్ను నిజంగా బాధపెట్టింది. నా గైడు చేసినదానికి నాకు అసహ్యం కలిగిందే గానీ బాధ కలగలేదు. నాయన తలవంచుకుని వీధిలో నడిచిపోతుంటే మాత్రం చూడలేక లోపలికి వచ్చేసేదాన్ని. రెండు మూడు సార్లు, పోనీ కలిపేద్దామా అనుకున్నాను కూడా. కానీ కాగితం ముందు కూర్చుంటే, పెరుగన్నం గబగబా తిని చెప్పులేసుకున్న ఆ మనిషి గుర్తొచ్చేవాడు. అతను దర్శనానికి పోలేదని నాతో నోరారా చెప్పాడు. పోయాడని నేనెలా రాయను?

పరిశోధన మానేశాను. చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నన్ను డాక్టరు అని పిలిచేవాళ్ళు లేరు. డాక్టర్లయినవాళ్ళను దగ్గరినుంచి చూశాను కాబట్టి అదొక లోటుగా అనిపించదు.

కొన్నాళ్ళకు సీనియరు ఫోను చేశాడు. మన సారు పేపరు అచ్చయింది, నీ పేరు కూడా వేసినాడు, సంతోషపడు అన్నాడు. తెప్పించుకుని చూశాను. గీత ఉంది. డ్యూటీలూ డ్రైవర్లూ అందరూ కలిసి భక్తులైపోయారు. తిరుపతి దగ్గర ఆకాశాన్నంటి, సత్యవేడు చేరేసరికి నేలమీదికి జారింది. శ్రీకాళహస్తి ఊసే లేదు. పైన ఆయన పేరు, దాని పక్కన నా పేరు. ఊరూరా తిరిగి వివరాలు సేకరించినందుకు.

ఆ శనివారమే తిరుపతి పోయి ఆయన ఇంటి తలుపు తట్టాను. ఆయన ఆప్యాయంగా కూర్చోబెట్టారు.

"నా పేరు ఎందుకు వేసినారు సార్?"

"నీ కష్టం వృథా పోగూడదనమ్మా. చాలా తిరిగినావు కదా."

"తీసెయ్యండి."

"అచ్చయిపోయింది కదా."

"మీకు సిగ్గు లేదా సార్?"

నేను మగ్గాల ఇంటి మనిషిని, ఆ మాట వీధిలోకి వినబడే ఉంటుంది. ఆయన నొచ్చుకోలేదు. లోపలికి చూసి, తమ్ముడు పైనుంచి పంపిన లడ్డూ ఉంది, అమ్మాయికి పెట్టండి అన్నారు. ప్రసాదం వద్దనడం నాకు మా ఇంట్లో నేర్పలేదు. చేతిలో పట్టుకుని బస్టాండు దాకా నడిచి, అక్కడ కూర్చుని తిన్నాను. ఆయన తర్వాత రిటైరయ్యారు. శాలువాలు కప్పారని, ఎందరినో తీర్చిదిద్దారని పొగిడారని విన్నాను. నిజమే, తీర్చిదిద్దారు. ఆ బీరువా నిండా ఉన్నారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. మా డిగ్రీ విద్యార్థులు పరీక్షకు చదివే గైడు పుస్తకం ఒకటుంది. అది రాసిన పుణ్యాత్ముడు ఎవరో గానీ, దూరం పెరిగేకొద్దీ రాకపోకలు తగ్గుతాయనే పాఠానికి స్థానిక ఉదాహరణ కోసం వెతికి వెతికి ఆ గీతనే పట్టుకున్నాడు. కింద మా ఇద్దరి పేర్లూ వేశాడు. పరీక్షలో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుందని పిల్లల నమ్మకం. ఏడాదికొకసారి ఆ గీతను నేనే బోర్డుమీద గీసి, ఇది తప్పు అని చెబుతాను. ఎందుకు తప్పో, గీతను ఎలా వంచారో చెబుతాను. శ్రీకాళహస్తి సంగతీ చెబుతాను. పిల్లలు మర్యాదగా వింటారు. మేడం తన గొప్ప తాను చెప్పుకోలేక వినయంగా అంటున్నారని అనుకుంటారు. నాకు వినయం అంటగట్టినవాళ్ళు ఈ లోకంలో వాళ్ళొక్కరే.

ఈ ఏడాది క్లాసులో తిరుపతి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి ఉంది. నెమ్మదైన పిల్ల, బాగా చదువుతుంది. గీత గీశాక ఆ అమ్మాయిని లేపాను. నేను చెబితే నమ్మరు సరే, వాళ్ళ ఇంటి సంగతి తనకు తెలుసు కదా అనుకున్నాను.

"పోయిన ఏడాది మీ ఇంట్లో ఎవరన్నా దర్శనానికి కొండకు పోయినారా?"

"లేదు మేడం."

"అంతకుముందు?"

"మా పిన్నోళ్ళు వచ్చినప్పుడు పోయినాము."

"మీ పక్కింటివాళ్ళు?"

"వాళ్ళూ అంతే మేడం. ఎవరన్నా వస్తే పోతారు."

"మరి ఈ గీత ఏం చెబుతోంది?"

ఆ అమ్మాయి బోర్డు వైపు చూసింది, చేతిలో పుస్తకం వైపు చూసింది, తర్వాత నా వైపు. ఇన్నేళ్ళకు ఒక్కరైనా పుస్తకాన్ని పక్కన పెట్టి తమ ఇంటిని నమ్ముతారని నాకు ఆశ కలిగింది.

"మీ పేరుండాది కదా మేడం," అంది. "మీరు ఊరూరా తిరిగి రాసినారు. మీరు తప్పు రాయరు. మా వీధిలోవాళ్ళే అట్లా ఉండారేమో."